పథోమ్ బండికి వెనక లైట్లు

"పదహారో తారీఖు దాటనీ మామా, అప్పుడు బిగిస్తా," అన్నాడు ఎలక్ట్రీషియన్ చరూన్, టెస్టరు జేబులో పెట్టేసుకుంటూ.

పథోమ్‌కి ఒళ్ళు మండింది. "దాటాక నాకెందుకురా? నేను బండి వెనక్కి ఎలా తోలతానో ఊరిపెద్ద ఇవాళ సాయంత్రమే వచ్చి చూస్తానన్నాడు. లైట్లు నేనే తెచ్చా. వైరుంది, బండుంది, నువ్వున్నావు. నీకేం రోగం?"

"రోగం నాది కాదు మామా, ఊరిది. రేపే కదా లాటరీ తీసేది," అని నసిగాడు చరూన్.

అదీ సంగతి. పథోమ్ ఇల్లు సందు చివర. లోపల బండి తిప్పే చోటు లేదు కాబట్టి కూరగాయల మార్కెట్ నుంచి రాగానే పికప్‌ని వెనక్కే తోలుకుంటూ పోవాలి. గేటు పక్కనే కంబం మీద ఇంటి భూమిని కాచే దేవర బుల్లి గుడి ఉంటుంది. ముప్ఫై ఏళ్ళుగా దాన్ని గీరకుండా తోలిన పథోమ్ రెండు నెలల్లో రెండుసార్లు గుద్దాడు, అదీ మసక చీకట్లో.

మొదటిసారి గుళ్ళోని పదకొండు బొమ్మల్లో నాలుగు పడ్డాయి, ఏడు నిలబడ్డాయి. ఎవరో తుంటరి నలభై ఏడు నంబరు కొన్నాడు. తగిలింది! రెండోసారి రెండు పడ్డాయి, తొమ్మిది నిలిచాయి. ఈసారి సగం ఊరు ఇరవై తొమ్మిది కొంది. అదీ తగిలింది. దేవరకి కోపం రాలేదు సరికదా, పథోమ్ బండి చేత కబురు పంపిస్తున్నాడని ఊరు తేల్చేసింది. లాటరీ మొహమే ఎరగని పథోమ్‌కి మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఎందుకంటే బౌద్ధ భిక్షువుల వానాకాలం దీక్షలు దగ్గర పడ్డాయి. ఊరు ఊరంతా మైనం పోసి చేసే నిలువెత్తు కొవ్వొత్తిని పంతొమ్మిదేళ్ళుగా బౌద్ధాలయానికి చేరుస్తున్నది పథోమ్ బండే. అక్కడ కూడా మెట్ల దాకా వెనక్కే తోలాలి. "సొంత గేటు దగ్గర గుడిని తప్పించలేనివాడి చేతిలో కొవ్వొత్తి ఎలా పెట్టమంటావు?" అని ఊరిపెద్ద బున్‌మా మొహం మీదే అడిగేశాడు. ఆ రాత్రి పథోమ్ అన్నం ముట్టలేదు.

"బిగిస్తావా, పక్క ఊరు పొమ్మంటావా?" అన్నాడిప్పుడు.

చరూన్ నిట్టూర్చి బండి కిందకి దూరాడు. అతని షెడ్డు ముందు అప్పుడే పదిమంది పోగయ్యారు.

"అన్నా, కుడివైపుది ఇవాళ పెట్టించుకో, ఎడమవైపుది ఎల్లుండి చూద్దాం!"

"వైరు కాస్త వదులుగా చుట్టరా చరూన్, పుణ్యముంటుంది!"

"సిగ్గు లేదట్రా మీకు!" పథోమ్ చెప్పు తీశాడు. నవ్వుతూ చెదిరిపోయారు, మళ్ళీ వచ్చి నిలబడ్డారు.

మధ్యాహ్నం భార్య లమై బుట్టలో జిగట అన్నం, బొప్పాయికాయ పచ్చడి తెచ్చింది. మొగుడి పక్కన కూర్చుని ముద్ద చుట్టి చేతికిచ్చింది.

"ఈ లైట్లన్నీ ఎందుకయ్యా? రోజూ నేను వెనక నిలబడి చెబుతూనే ఉన్నాగా. నా కళ్ళు నీ కళ్ళు కావా?"

"నువ్వు ఆగమనే అన్నావు. నాకే వినబడలేదు. కళ్ళతో పాటు చెవులూ పోయాయి."

"ఇంజను మోతలో ఎవరికి మాత్రం వినబడుతుంది? నలుగురిలో నిన్ను తిట్టానే గానీ, ఆ రెండు రోజులూ నాకు నిద్ర పట్టలేదు తెలుసా!"

ఇంత మంచి మనిషిని కూడా ఊళ్ళో తలెత్తుకోలేకుండా చేశానే అనుకున్నాడు పథోమ్. ముద్ద మింగి, "త్వరగా కానీరా!" అని చరూన్ మీద అరిచాడు.

చరూన్ పాపం పని దొంగ కాదు. వెనక బంపరు కింద రెండు చదరపు లైట్లు బిగించాడు. వైరుని గొట్టంలో దూర్చి అడుగున లాగాడు. రివర్సు గేరు వేస్తే చాలు, వాటంతటవే వెలిగేలా కలిపాడు. షెడ్డు గోడ మీద వెలుగు పడగానే జనం ఎవరో పోయినట్టు మొహాలు వేలాడేశారు.

సాయంత్రం మబ్బు కమ్మి పొద్దు వాలకముందే మసకేసింది. సందుకి రెండు పక్కలా ఊరు నిలబడింది. బున్‌మా వచ్చి పథోమ్ పక్క సీట్లో కూర్చున్నాడు. లమై ఎప్పటిలాగే వెనక గేటు దగ్గర, గుడి పక్కన నిలబడింది.

పథోమ్ గేరు వేశాడు. సందంతా తెల్లగా పట్టపగలైంది. అద్దంలో గుడి, దాని బుల్లి మెట్లు, పదకొండు బొమ్మలూ లెక్కపెట్టేంత స్పష్టంగా కనబడ్డాయి. పక్కనే లమై. ఇన్నాళ్ళూ చీకట్లో గొంతే గానీ మనిషి కనబడేది కాదు. కళ్ళు గట్టిగా మూసుకుని, దేవరకి చేతులు జోడించి ఏదో గొణుక్కుంటోంది.

'నా పరువు కోసం మొక్కుకుంటోంది, పిచ్చిది!' పథోమ్ కళ్ళు చెమర్చాయి.

అంగుళం అంగుళం వెనక్కి తోలాడు. గుడికి జానెడు దూరంలో మెత్తగా బ్రేకు తొక్కాడు. ఇంజను ఆపలేదు. బున్‌మా కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు, భుజం తట్టాడు.

"ఈ ఏడు కూడా కొవ్వొత్తి నీ బండి మీదేనోయ్," అన్నాడు మెల్లిగా.

హమ్మయ్య అనుకుని పథోమ్ ఇంకోసారి అద్దంలోకి చూశాడు.

మూసిన కళ్ళు తెరవకుండానే లమై గొంతెత్తి అరిచింది: "ఇంకా రా, బోలెడంత చోటుంది!"