వెల్డుకు దూరంగా

"మళ్ళీ సొట్టేనా?" కొత్తగా వచ్చిన సూపర్‌వైజర్ తల పట్టుకున్నాడు. "గీతలు పడకుండా బకెట్‌కి టైరు ముక్క కట్టుకుని మరీ పైపుల్ని కొడుతున్నావు కదయ్యా. నీ చేతికి ఏమొచ్చింది?"

మట్టి తవ్వే ప్రొక్లెయిన్ ఆపరేటర్ కందకం పక్కన దిమ్మెల మీద వరసగా పరిచిన గ్యాసు పైపుల్ని వదిలేసి మట్టిరోడ్డు వైపే చూస్తున్నాడు. సొట్ట పడిన పైపుని ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తే గానీ కందకంలోకి దించకూడదు. ఆ జీపు చప్పుడు కోసం పొద్దుటి నుంచీ అతని ప్రాణం కొట్టుకుంటోంది.

"ఆ భయమేదో ముందే ఉండాలి. ఇన్‌స్పెక్టరమ్మ ఎవరి మొహమూ చూసే రకం కాదట. పైపు కోసేయమందంటే నిన్ను బండి దించేస్తాను."

"దిగిపోతాను సార్."

గీసిన గడ్డం, ఉతికిన చొక్కా. చేతిలో ఫ్లాస్కు. మూత బిగించి ఉందో లేదో మళ్ళీ చూసుకున్నాడు.

జీపు వచ్చింది. ఇన్‌స్పెక్టర్ ఎవరినీ పలకరించకుండా పైపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. సొట్టకు అడ్డంగా స్టీలు స్కేలు ఆనించి లోతు కొలిచింది. గీత పడిందేమోనని తడిమింది. వేలికి నల్లటి రబ్బరు మరక అంటింది.

"ఇదీ మీరేనా?"

"నేనేనండి."

"అంతకు ముందువీ?"

"అవునండి."

ఆమె సూపర్‌వైజర్ వైపు తిరిగింది. "పైపుల్ని అతికిన వెల్డు మీద పడుంటే కోయించేదాన్ని. ఇది దూరంగా ఉంది, గీత లేదు, లోతు హద్దులోనే ఉంది. దించుకోండి."

"అదృష్టవంతుణ్ణి చెరిపేవాడు లేడంటారు, బతికిపోయావు పో," అంటూ సూపర్‌వైజర్ మనుషుల్ని పిలవడానికి వెళ్ళాడు.

ఆపరేటర్ ఫ్లాస్కులోంచి టీ పోసి అందించాడు. చక్కెర వేయని టీ. ఆమె ఒక గుక్క తాగి, గ్లాసులోకి చూసింది.

"చెయ్యి జారి పడిన సొట్టలైతే ఇన్నింటిలో ఒక్కటైనా వెల్డు మీద పడేది," అంది మెల్లగా. "ఇంకోసారైతే ఉద్యోగం పోతుంది, తెలుసా?"

"ఇంకో దారి తోచలేదు."

ఆమె టీ చివరిదాకా తాగి గ్లాసు తిరిగిచ్చింది.

"రేపు పుట్టింటి నుంచి వచ్చేస్తాను, ఇక పైపుల్ని కొట్టకండి."