తమ్ముడి తలుపు మీద గీత

రెండోసారి వరదొచ్చిన ఏడు అది. ఖాళీ అయిన ఇళ్ల తలుపుల మీద ఎర్రగీత పెట్టడం నా పని. గీతున్న ఇంటికి పడవ వెళ్లదు. అందుకని లోపలికెళ్లి చూశాకే పెట్టాలి. పొద్దుగూకే వేళ తమ్ముడింటి ముందు నా మోకాళ్లు మొరాయించాయి. గుమ్మంలోంచే కేకేశాను. ఎవరూ పలకలేదు. గీత పెట్టేశాను.

రాత్రి బడి మేడ మీద, పొద్దున్నే పిల్లలతో వచ్చేసిన మరదలు నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"బావగారూ, ఆయన ఏ పడవలోనూ రాలేదట. చెవుడు కదా, లోపలికెళ్లి చూశారా?"

"చూశాను."

అప్పుడే నీళ్లవతల ఎవరో తలుపు బాదడం వినబడింది. మూడుసార్లు బాది, ఆగి, మళ్లీ మూడుసార్లు.

"మీ తమ్ముడి వీధిలోనే," అన్నాడు పడవవాడు. "అన్నీ గీతున్న ఇళ్లేగా పెద్దాయనా. ఎలుకలు కాపురం పెట్టుంటాయి."

ఆ వీధిలో నీళ్లు చూరు దాటి చాలాసేపైంది. తలుపులన్నీ నీళ్ల అడుగునే ఉన్నాయి. అయినా చప్పుడు ఆగలేదు. రాత్రంతా కొంచెం కొంచెంగా దగ్గరికొచ్చింది. తెల్లవారుజాముకి మా మేడ మెట్ల కింద, మునిగిన గది తలుపు మీద వినబడింది. మరదలు నా మొహంకేసి చూస్తూ కూర్చుంది.

తెల్లారాక పడవవాడు తెడ్డు తీసి, ముందు ఎటు పోదామన్నాడు. తమ్ముడి వీధంతా నేను చూసేశాను, అవతలి వీధికి పోనివ్వమన్నాను.