మొగ నడక

“నడక కుదరలేదని రాసినారు కదా సార్. ఎట్ల నడవాలో మీరే చెప్పండి,” అంది చిత్ర, తలగుడ్డ విప్పి ఒళ్ళో పెట్టుకుంటూ.

బదరీనాథ్ మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు. ఊరిగాం బళ్ళో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాక, కోలారులో అచ్చయ్యే ఓ మాసపత్రికకు నాటక సమీక్షలు రాయడం ఆయనకు ఇష్టమైన పని. చిత్ర ఆయన దగ్గరే చదువుకుంది. ఇప్పుడు బ్యాంకులో ఉద్యోగం చేస్తోంది.

బంగారు గనులు మూతపడి ఎనిమిదేళ్ళయింది. పాత కార్మికుల పిల్లలు కొందరు కలిసి ‘మొగుడి బిళ్ళ’ అని ఒక నాటకం వేశారు. ఆడవాళ్ళు గనిలోకి దిగకూడదన్న రోజుల్లో, మొగుడు పోయిన ఒకామె అతని తలగుడ్డ చుట్టుకుని, అతని నంబరు బిళ్ళ చూపించి, మొగవాడిలా లోపలికి దిగుతుంది. అదీ కథ. ఆ వేషం చిత్రది.

బెంగళూరు పేపరొకటి మంచి ప్రయత్నమని మెచ్చుకుంది. ఇంకొకటి ఏడుపు ఎక్కువైందని సణిగింది. మాస్టారు మాత్రం రెండు పేజీలు రాసి, “కథ అందంగా ఉంది, నమ్మేటట్టు లేదు. వందలమంది మొగవాళ్ళ మధ్య ఆడమనిషి ఒక్క షిఫ్టు కూడా దాగలేదు,” అని ముగించారు. అది చదివి ముళబాగిలు సంఘంవాళ్ళు తమ ఊళ్ళో ఒప్పుకున్న ప్రదర్శన వద్దనేశారు. అందుకే చిత్ర ఈ ఆదివారం ఆయన్ని రిహార్సలుకు పిలుచుకొచ్చింది.

“చెప్తే వచ్చేది కాదమ్మా, చూసి పట్టుకోవాలి,” అన్నారు మాస్టారు. “అదిగో, ఆయన్ని చూడు.”

హాలు గుమ్మంలోంచి నంజుండప్ప వస్తున్నాడు. డెబ్బై దాటిన మనిషి. లుంగీ పైకి మడిచి కట్టి, చెవిలో బీడీ దోపుకుని, గూటం లాంటి భుజాలు ముందుకు వంచి, తొందర లేకుండా నడుస్తున్నాడు. గనిలో ఏళ్ళ తరబడి డ్రిల్లు పట్టినవాడు. నాటకం పిల్లలకు సుత్తి పట్టడం, రాయి కొట్టడం నేర్పేది ఆయనే. చిత్ర చెప్పగా వినడమే తప్ప, మాస్టారు ఆయన్ని చూడడం అదే మొదలు.

“నంజుండప్పా, మీరే చెప్పండి. నేను రాసింది తప్పా?”

“తప్పేముండాది సార్,” అన్నాడు నంజుండప్ప బొంగురు గొంతుతో, బెంచీ మీద ఆయన పక్కనే కూర్చుంటూ. “అయ్యే పనేనా అది.”

చిత్ర ముఖం చిన్నబోయింది. “మీరు కూడానా తాతా?”

“షిఫ్టు అయి పైకొస్తే ఒళ్ళంతా తడిమి చూసేవాళ్ళు కదా?” మాస్టారు వదల్లేదు.

“చూస్తారు సార్, బంగారం దాచినారేమో అని. నన్ను దినామూ తడిమేది బచ్చప్ప. మా ఊరోడే, మంచోడు.”

“విన్నావా చిత్రా? మరి లోపల?”

“లోపల చీకటి, బురద. పక్కోడు వాడి వంతు రాయి తోసినాడా లేదా, అది చూస్తాము. మొగం యాడ చూస్తాము సార్.”

“అయినా మొగవాడి తీరు దాగదు. ఈ కూర్చోవడం, ఈ మాట, ఇవి వేషంతో వచ్చేవి కావు,” అంటూ మాస్టారు తృప్తిగా నోటుబుక్కు తీసి, వచ్చే నెల సమీక్షకు ఒక వాక్యం రాసుకున్నారు. రాసింది చదివి వినిపించారు కూడా. “అసలైన మొగతనం ఎలా ఉంటుందో ఈ నటి నంజుండప్పను చూసి నేర్చుకోవాలి.”

నంజుండప్ప తల వంచుకుని నవ్వుకున్నాడు. “మీరు చదువుకున్నోళ్ళు సార్.”

అప్పుడే చెన్నమ్మ రాగిముద్దల క్యారియరుతో వచ్చింది. మారికుప్పంలో గని కార్మికుల లైనింట్లో నంజుండప్పదీ ఆమెదీ యాభై ఏళ్ళ కాపురమని చిత్ర దారిలోనే చెప్పింది. చెన్నమ్మ గిన్నెలు పరిచి, మొదటి ముద్ద మాస్టారికి పెట్టి, రెండోది నంజుండప్ప ముందుంచి, మీద చారు పోసింది.

చిత్ర తినలేదు. తలగుడ్డ మడతపెట్టి పెట్టెలో పడేసింది. “ఇంగ చాలు అవ్వా. అబద్ధం కథ అని అందరూ అంటా ఉంటే, ఎవరికోసం ఆడాల? ఆపేస్తాము.”

నంజుండప్ప చెయ్యి ముద్ద మీదే ఆగింది. పెట్టె వైపు చాలాసేపు చూశాడు. తర్వాత చెన్నమ్మ వైపు తిరిగాడు.

“చెప్పేయ్ చెన్నమ్మా. గనే మూసేసినారు, ఇంగ ఎవురు అడగతారు,” అని నెమ్మదిగా ముద్ద తుంచి చారులో అద్దుకున్నాడు. ఆ ముఖంలో బెంగ లేదు. ఆకలి ఉంది, అంతే.

చెన్నమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది.

“నంజుండప్ప నన్ను చేసుకున్న ఏడాదికే ఊర్లో జరమొచ్చి పోయినాడు సార్. బచ్చప్పకు తప్ప ఈడ ఎవురికీ చెప్పలేదు.”

మాస్టారు అర్థంకాక పక్కకు తిరిగారు. “మరి ఈయన?”

“ఈమె నా ఆడబిడ్డ సార్.”