వంద అడుగుల అవతల

"ముప్పై ఎనిమిది చోట్ల నెత్తురు చిందింది. అన్నిచోట్లా నువ్వే ఉన్నావు. ఏంటి కథ?"

ఇన్‌స్పెక్టరమ్మ లాఠీతో టేబుల్ మీద కొట్టింది.

ఎదురుగా ఓ ముసలాయన నిలబడి ఉన్నాడు. సాన బండి తోసుకుంటూ వీధి వీధీ తిరిగి కత్తులకూ కత్తెరలకూ పదును పెట్టడం ఆయన పని.

"పిలిస్తే వెళ్ళానమ్మా."

"ఎవరు పిలిచారు?"

"పేర్లు తెలీవు."

"నెత్తురే పిలిచిందేమో మేడమ్!" కానిస్టేబుల్ పకపకా నవ్వాడు.

గోడకున్న నల్ల పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతోంది. ఊళ్ళో ప్రతి కెమెరా కన్నూ దానిదే. నేరం జరగకముందే ఎవరు చేస్తారో చెప్పేస్తుంది.

స్టేషన్లో అందరూ దాన్ని 'అత్తగారు' అంటారు. తప్పు పట్టడమే గానీ తన తప్పు ఒప్పుకోవడం దానికి తెలియదు.

ఈ ముసలాయన ఇవాళో రేపో ఎవరినో పొడుస్తాడని అత్తగారు తేల్చేసింది.

స్టేషన్ గుమ్మంలోనే, పదిమందీ చూస్తుండగా, ఆయన కాలికి అత్తగారితో ముడిపడ్డ కరెంటు కడియం బిగించారు.

ఆయన ప్యాంటు అంచు కిందికి లాగి కడియాన్ని కప్పుకున్నాడు.

"గొడవ జరిగిన చోటికి వంద అడుగుల లోపలికి వెళ్ళావో, కాలు కొయ్యబారిపోతుంది. తెలిసిందా?"

"ఎవరైనా కేకేస్తేనో అమ్మా?"

"అంబులెన్సు వస్తుంది. నీకెందుకు?"

"అది వచ్చేసరికి..."

"నోర్మూసుకుని ఫో!"

తండ్రి వయసు మనిషిని అంత మాట అన్నందుకు ఆమెకు లోపల చురుక్కుమంది. అత్తగారి లెక్క తప్పదు కదా అని సర్దిచెప్పుకుంది.

పదో రోజు మిట్టమధ్యాహ్నం, బజార్లో బేరం దగ్గర మాటా మాటా పెరిగి ఓ పండ్ల కొట్టతని తొడలో కత్తి దిగింది.

పొడిచినవాడు అక్కడే దొరికాడు. వాడి పేరు అత్తగారి జాబితాలోనే లేదు.

ఇన్‌స్పెక్టరమ్మ వెళ్ళేసరికి కొట్లన్నీ మూసేసి ఉన్నాయి. నెత్తురు దగ్గర నిలబడితే ఎక్కడ తామూ అత్తగారి లెక్కలోకి ఎక్కుతామోనని ఒక్కరూ దగ్గరికి రాలేదు.

రోడ్డు అవతల ముసలాయన కొయ్యబారిన కాలిని రెండు చేతులతో పట్టి లాక్కుంటున్నాడు.

"గుడ్డ పెట్టి నొక్కండి! గట్టిగా నొక్కండయ్యా, ఎవరైనా!" గొంతు చించుకుని అరుస్తున్నాడు.

"చూశారా మేడమ్, మళ్ళీ ఇక్కడే! అత్తగారి మాటంటే మాటే," అన్నాడు కానిస్టేబుల్.

"జీపెక్కించి పొలిమేర దాటించెయ్. మళ్ళీ ఊళ్ళో కనపడకూడదు."

"నన్ను తర్వాత తోలేద్దురుగాని. ముందు ఆ అబ్బాయిని చూడమ్మా!"

జీపు కదిలాక కూడా ఆ కేక వినబడుతూనే ఉంది.

అంబులెన్సు ఇరవై నిమిషాలకు వచ్చింది. పండ్ల కొట్టతను దారిలోనే పోయాడు.

ఆసుపత్రిలో డాక్టరు చేతులు కడుక్కుంటూ అన్నాడు.

"గాయాన్ని ఎవరైనా కాసేపు నొక్కిపట్టి ఉంటే దక్కేవాడు. మీ పెద్దాయన సెలవులో ఉన్నాడా మేడమ్?"

"ఏ పెద్దాయన?"

"మీ పేటలో ఎవరికి దెబ్బ తగిలినా ముందే కట్టు కట్టి, తన బండి మీద పడుకోబెట్టి తోసుకొచ్చేవాడు. ముప్పైమందికి పైనే తెచ్చాడు. ఒక్కరూ పోలేదు."

ఇన్‌స్పెక్టరమ్మ టోపీ తీసి చేత్తో పట్టుకుంది. తల ఎత్తలేకపోయింది.

"పది రోజులుగా కనపడటం లేదు. ఒంట్లో బాగానే ఉందా?"



డాక్టరు తువ్వాలు అందుకుని మెల్లగా అన్నాడు.

"పేరడిగితే చెప్పేవాడు కాదు... ఆ సాన బండి మారువేషమనీ, ఆయన మీ పోలీసేననీ అనుకుంటున్నాం మేమంతా."