పడవంతా సింకు తగ్గించుకున్న పూట

నడిసంద్రంలో పడవకున్న ఇంటర్నెట్ లైను సన్నటిది. పడవలో ఉన్న ఐదుగురి కళ్లలోని లెన్సులు చూసిందల్లా ఎప్పటికప్పుడు క్లౌడుకి పంపేస్తుంటాయి. కాసేపట్లో వెళ్లలేదంటే అది చెరిగిపోతుంది. ఆ పంపకంతోనే, అంటే సింకుతోనే, లైను నిండిపోయి, ఒడ్డు నుంచి భార్య పొద్దున పుట్టిన బిడ్డను ఫోన్లో చూపిస్తుంటే ఎల్లాజీకి గళ్లగళ్ల మసక తప్ప ఏమీ కనబడలేదు.

"ఒరే, అందరూ సింకు అడుక్కి తగ్గించేయండి! ఈడు కూతుర్ని సూసుకోవాల," అని పడవ నడిపే సరంగు మసేను కేకేశాడు.

అందరూ తగ్గించేశారు. తెర తేటపడింది. పాప ఆవలించింది. బుగ్గ మీద సొట్ట కూడా కనబడింది. ఎల్లాజీ లోకం మరిచిపోయాడు.

ఫోను పెట్టేసి తలెత్తితే, మిగతా నలుగురూ పడవ అవతలి అంచున నోళ్లు తెరుచుకుని నిలబడున్నారు.

"ఏటైంది మావా?"

"తిమింగలంరా! పిల్లనేసుకుని పడవ పక్కకే వచ్చింది. పుట్టి బుద్దెరిగాక ఇలాటిది సూళ్లేదు," అన్నాడు మసేను.

"మరి సింకు పెంచలేదా? చెరిగిపోద్ది కదా!"

"పెంచితే నీ పిల్ల మసకైపోదేటి?"

ఎల్లాజీ చేతులెత్తి దణ్ణం పెట్టాడు. "పోనీ, ఎలాగుందో సెప్పండి."

లెన్సులొచ్చాక, చూసింది నోటితో చెప్పడం వాళ్లకి ఎప్పుడో అలవాటు తప్పింది. ఒకడు చేతులు బార చాపాడు. ఇంకొకడు నీళ్లు చిమ్మినట్టు బుస్సుమని ఊదాడు. మసేను, తల్లి వెనకాల పిల్ల ఈదినట్టు, డెక్కు మీద ఒళ్లు ఊపుతూ నడిచాడు.

ఎల్లాజీ తన సింకు పూర్తిగా పెంచేసి, రెప్ప వెయ్యకుండా వాళ్లనే చూస్తూ నిలబడ్డాడు. కూతురు పెద్దయ్యాక ఇది చూపించాలి.