ఒకే కుండ కూడు

పొయ్యి దగ్గర ఆ మనిషి మూడోసారి కనిపించేసరికి గంగాలమ్మకు ఒళ్లు మండింది.

పేటవాడు కాదు. ఇస్త్రీ చొక్కా, భుజానికి చిన్న సంచి. ఉడుకుతున్న చేపల పులుసు మీదికి వంగి వాసన చూస్తున్నాడు.

“ఏటి సేత్తన్నావిక్కడ?”

“ఈ చేపలు కోసిందెవరమ్మా? నీళ్లు ఏ బావివి?”

“నీకెందుకు? మాతో సంబంధం గానీ కలుపుకుంతావేటి?”

అతను నవ్వలేదు.

మధ్యాహ్నం పెద్దాయన వస్తున్నాడు. ఒకప్పుడు ఢిల్లీలో మంత్రి. పదేళ్లుగా ఊరూరా తిరిగి ఒకటే చెబుతున్నాడు: పడమటి దేశాలంటే ఒకరినొకరు నమ్మనివాళ్లు రాసుకున్న కరారునామాలు, మన దేశమంటే ఒకే కుండలో కూడు తినే ఇల్లు.

మాట బాగుంది. యారాడ కొండ కింద ఆ జాలరి పేటకు ఇంకా బాగుంది. ఆ ఏడు, తొంభై ఏడులో, కొత్త జెట్టీ కడతాం, ఇళ్లు ఖాళీ చెయ్యండని నోటీసులొచ్చాయి మరి. మన కుండలో తిన్నవాడు మన ఇళ్లు కూల్చనిస్తాడా? అందుకే పిలిచారు. వంట గంగాలమ్మకు అప్పజెప్పారు.

ఆ కూటిలో ఎవడైనా ఏదైనా కలిపితే? పేట సంగతి తర్వాత. ముందు జైలుకు పోయేది గంగాలమ్మే.

ఉప్పు డబ్బా కోసం ఇటు తిరిగి అటు చూసేసరికి వాడి చెయ్యి కుండ మీదికి చాచి ఉంది.

“ఒరే నాగబాబూ! పులుసులో ఏటో కలిపేత్తన్నాడ్రా!”

కొడుకు పరుగున వచ్చి కాలర్ పట్టాడు. సంచి దులిపితే స్టీలు చెంచా, మందు సీసా పడ్డాయి.

“ఎవుడు పంపాడ్రా నిన్ను? జెట్టీ కంట్రాక్టరా?”

“నేను చెప్పకూడదు. పెద్దాయన్నే అడగండి.”

“ఆయన పేరెత్తావంటే పళ్లు రాలిపోతాయ్!”

రెండు తగిలించి వలల పాకలో గుంజకు కట్టేశారు. గంగాలమ్మ పులుసంతా ఇసుకలో పారబోసి మళ్లీ వండింది. ఈసారి కుండ పక్కనుంచి కదల్లేదు. ఈగను కూడా వాలనివ్వలేదు.

రెండింటికి అంబాసిడర్లు దిగాయి. పెద్దాయన చెప్పులు విడిచి, జాలర్ల పంక్తిలో ఇసుక మీదే కూర్చున్నాడు.

“మనది ఒకే కుండ. ఇంట్లోవాళ్ల మధ్య కాగితాలెందుకు?”

ఈలలు మోగాయి. నాగబాబు సిగ్గుపడి, తెచ్చిన అర్జీ మడిచి జేబులో పెట్టేసుకున్నాడు.

గంగాలమ్మ వడ్డించింది. ఆయన మొదటి ముద్ద కోసం పంక్తంతా కాచుకుంది. ఆయన చెయ్యి ఆకు మీదికి రాలేదు. కళ్లు మాత్రం గుంపులో ఎవరినో వెతుకుతున్నాయి.

చివరికి ఆయన పీఏ వచ్చి నాగబాబు చెవిలో గొణిగాడు:

“విరుగుడు మందిచ్చి పొద్దున్నే పంపించాం, మా మనిషేడయ్యా, వాడు తిని అరగంట నిక్షేపంగా ఉంటేగాని అయ్యగారు ఎవరింటి కూడూ ముట్టరు!”