బొమ్మలోని అక్షరాలు

"కంప్లైంట్ వాపసు తీస్కోమ్మా" అన్నాడు మున్సిపల్ ఆఫీసరు ఆనందరావు. వెబ్‌సైటులో ఏ లోపమూ లేదని పైనుంచి రిపోర్టు వచ్చిందట.

ఆండాలు కుర్చీలోంచి కదల్లేదు. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. కూతురు రశ్మి పుట్టిన సర్టిఫికెట్ కోసం మూడు నెలలుగా సంతోష్‌నగర్‌లో ఇంట్లో కూచొని మున్సిపల్ సైటులో దరఖాస్తు పెట్టాలని చూస్తూనే ఉంది. శనివారంలోగా ఆ కాగితం చూపకపోతే బడిలో సీటు పోతుంది.

"ఒక్కసారి మీరే వినుండ్రి సార్" అంటూ ఫోన్ బల్లమీద పెట్టింది. తెరమీద ఉన్నదంతా పైకి చదివే ఫోన్ అది. పేరు చదివింది, తేదీ చదివింది. ఆఖర్న, బొమ్మలో కనిపించే అక్షరాలు కొట్టమన్నచోట మాత్రం "బొమ్మ" అని ఊరుకుంది. ఆండాలు మళ్లీ వేలితో తాకింది. "బొమ్మ" అంది ఫోన్.

"గా బొమ్మల ఏం రాసున్నదో నాకెట్ల తెల్వాలె సార్?"

పక్కింటివాళ్లతో కొట్టించుకోవచ్చు కదా అన్నాడాయన. ఆధార్ నంబరూ ఓటీపీ ఊరందరికీ చెప్పుకుంటూ తిరగలేనంది ఆమె. అయితే నీకు ఫోన్ వాడటం సరిగ్గా నేర్పి ఉండరు అన్నాడు. ఆ మాట మాత్రం ఆమెకు నచ్చలేదు.

"నాకు ఫోన్ నేర్పిన మా డానియేలు సారును ఏమనకుండ్రి. ఆయన మంచిగనే నేర్పిండు."

ఆనందరావు విసుగ్గా ఫైలు తెరిచాడు. సైటు తయారుచేసిన కంపెనీ, చూపులేని నిపుణుడితోనే పరీక్ష చేయించి సర్టిఫికెట్ జతచేసింది. ఎవరి సాయమూ లేకుండా దరఖాస్తు మొత్తం నింపగలిగానని ఆ నిపుణుడు సంతకం చేశాడు. పేరేమిటో ఆ సంతకంలో తెలియడం లేదు. కింద ఫోన్ నంబరు మాత్రం ఉంది.

"గా నంబరు చదువుండ్రి సార్. ఎట్ల నింపిండో ఆయన్నే అడిగి నేర్సుకుంట."

ఆనందరావు ఒక్కొక్క అంకే చదివాడు. ఆరో అంకె దగ్గర ఆండాలు చెయ్యెత్తి ఆపింది. మిగతా నాలుగూ ఆమే చెప్పింది.

ఆయన కాగితంలోంచి తలెత్తాడు. "నీకు తెలిసినాయనేనా?"

ఆండాలు బల్లమీద తడుముకుంటూ ఫోన్ తీసుకుంది.

"మూడు నెలల సంది రోజూ ఈ నంబరుకే ఫోన్ చేస్తున్న సార్. ఆ బొమ్మ కాడ తప్పంత నాదేనని, నన్ను మళ్ల మొదటి పాఠం కాడికెల్లి కూసోబెట్టింది మా డానియేలు సారే."